చలికాలపు బీరు, బందరు బట్ట

మా గరాజులో పాత సూట్‌కేసుల వెనకాల, వెలుగు తగలని ఒక మూల, మూడేళ్ళుగా ఒక బీరుసీసా దాచుకున్నాను. 2022 చలికాలంలో కొన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూయింగ్ కంపెనీ ఏటా శీతాకాలానికి మాత్రమే కాచే మసాలా బీరు అది. కొన్నప్పుడు అదే ఆఖరిదవుతుందని నాకు తెలీదు. మరుసటి ఏడు ఆ కంపెనీ మూతపడింది. అప్పట్నించీ ఆ సీసా మీద మమకారం పెరిగిపోయి, తీద్దామంటే చెయ్యి రాలేదు.

మొన్న డిసెంబరులో మా అక్క కొడుకు ఓక్‌లండ్ నుంచి వచ్చాడు. వాడు అపార్ట్‌మెంట్ వంటింట్లోనే బీరు కాచుకునే రకం. సూట్‌కేసు కోసం గరాజులోకి వెళ్ళి సీసాతో తిరిగొచ్చాడు. "మామయ్యా, ఇదేమన్నా ఆవకాయా ఇన్నాళ్ళు ఊరబెట్టడానికి? హాప్స్ వాసన ఇప్పటికే సగం పోయుంటుంది. ఇవాళ తీసేద్దాం," అన్నాడు. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ అరగంట బయట ఉంచాడు. మరీ చల్లగా ఉంటే నాలిక మొద్దుబారుతుందిట, దినుసుల వాసన పైకి లేవదట. ఎండాకాలం తాగే లేతరంగు బీరుకి చల్లదనమే రుచి. చలికాలపు బీరు పదీ పన్నెండు డిగ్రీల సెల్సియస్ దగ్గర తాగితేగానీ దాని సంగతి తెలీదన్నాడు.

గ్లాసులో పోస్తే కాఫీ డికాక్షన్ రంగు. దీపానికి అడ్డంగా పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి జీర. పైన లేత గోధుమరంగు నురగ, అది ఎక్కువసేపు నిలవలేదు. మొదట ముదురుపాకం బెల్లం వాసన. కొంచెం ఎండుద్రాక్ష, కొంచెం కోకో. దేవదారు చెక్కలాంటిదేదో వెనకాల. అరచేతి వేడికి గ్లాసు ఇంకాస్త వెచ్చబడ్డాక మరొకటి వచ్చింది. దాని పేరు కోసం నేను తడుముకుంటూ ఉండగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, గ్లాసు వాసన చూసి, "ఇదేంటి, లేహ్యం వాసనొస్తోంది," అని వెళ్ళిపోయింది.

లేహ్యమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మా అమ్మమ్మ సానరాయి. పసిపిల్లలకి కడుపులో బాగుండకపోతే జాజికాయ రెండు చుట్లు సాన మీద అరగదీసి, తల్లిపాలల్లో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టేది. ఆ రాయిని ఎంత కడిగినా వాసన పోయేది కాదు. మాది బందరు. ఆ ఇల్లూ లేదు, ఆ సానా లేదు. నాకు కొంచెం ఆవేశం వచ్చిందనే చెప్పాలి.

"వీళ్ళు క్రిస్మస్ క్రిస్మస్ అంటారుగానీ, ఇది మన వాసనరా. మన దగ్గర్నించి పట్టుకొచ్చిందే," అన్నాను.

"జాజికాయ చెట్టు చూశావా మామయ్యా నువ్వు? బందరులో ఎక్కడుంది?"

చూడలేదు. "కేరళలో ఉంటుంది," అన్నాను. వాడు ఫోన్ తియ్యబోయి, నా మొహం చూసి మానేశాడు.

ఆ తరవాత నెలరోజులు దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. వాడికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

*

ముందు ఆ బీరు సంగతి. 1965లో మూతపడబోతున్న ఒక పాత బీరు బట్టీలో సగానికి పైగా వాటా ఫ్రిట్జ్ మేటాగ్ అనే కుర్రవాడు కొన్నాడు. బట్టలుతికే యంత్రాల మేటాగ్ కుటుంబంవాడే. ఆ రోజుల్లో అమెరికాలో బీరంటే ఏ ఊళ్ళో తాగినా ఒకే రుచి. ఈయన పాత పద్ధతులు తవ్వి తీసే మనిషి. 1975లో, స్వాతంత్ర్య పోరాటం మొదలై రెండువందల ఏళ్ళయిన సందర్భానికి ఒక ప్రత్యేకమైన ఏల్ కాచాడు. అదే ఏడాది శీతాకాలానికి ఆ దారిలోనే మొదటి క్రిస్మస్ ఏల్ వచ్చింది. ఆ తరవాత ప్రతి ఏడూ కొత్త పాకం, సీసా మీద కొత్త చెట్టు బొమ్మ. ఆ చెట్లని దశాబ్దాలపాటు జిమ్ స్టిట్ అనే చిత్రకారుడు చేత్తో వేశాడు. జనం ఖాళీ సీసాలు కూడా దాచుకునేది సగం ఆ బొమ్మల కోసమే.

మొదట్లో అందులో మసాలాలు లేవు. 1987లో మేటాగ్ పెళ్ళి చేసుకుంటూ, విందు కోసం పాత ఇంగ్లీషు పద్ధతిలో దినుసులు వేసిన ఏల్ కాచాడు. ఇంగ్లీషులో పెళ్ళికి సంబంధించిన వాటికి వాడే 'బ్రైడల్' అనే మాట పుట్టుక కూడా ఇదే: బ్రైడ్, ఏల్ అనే రెండు మాటలు కలిసిపోయాయి. పెళ్ళికూతురి బీరు అంటే పెళ్ళి విందు. మనం పప్పన్నం ఎప్పుడు పెడతావురా అని అడిగినట్టు. ఆ పెళ్ళిబీరే ఆ ఏటి క్రిస్మస్ ఏల్ అయింది, ఆ తరవాత దినుసులు మానలేదు. ఏమేం వేస్తారో, ఎంతెంత వేస్తారో మాత్రం కంపెనీ చెప్పలేదు. జాజికాయ, దాల్చినచెక్క, లవంగం అంటూ తాగినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవడమే. నా గ్లాసులో జాజికాయ ఉందనడానికి నా ముక్కూ మా ఆవిడ ముక్కూ తప్ప వేరే సాక్ష్యం లేదు. ముక్కుని పూర్తిగా నమ్మడానికీ లేదు. జర్మన్ల గోధుమ బీరులో లవంగం వాసన గుప్పుమంటుంది, కానీ అందులో ఒక్క లవంగమూ ఉండదు. అది పులిసేటప్పుడు ఆ ఈస్టు పుట్టించే వాసన.

2017లో ఆ కంపెనీని జపాను సంస్థ సప్పోరో కొంది. 2019లో పనివాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. 2023 జూన్‌లో ఇక క్రిస్మస్ ఏల్ కాచమన్నారు, జులైలో అసలు కంపెనీనే మూసేస్తున్నామన్నారు. 2024లో చొబాని పెరుగు కంపెనీ స్థాపకుడు హమ్దీ ఉలుకాయా దాన్ని కొన్నాడు. ఈ లెక్కన నేను దాచుకున్నది నలభై ఎనిమిదో క్రిస్మస్ ఏల్.

*

మేటాగ్ తవ్వితీసిన ఆ పాత ఇంగ్లీషు పద్ధతి ఎంత పాతది? బీరులో ఆకూ అలమూ వెయ్యడం యూరప్ అంతటా ఉన్నదే. హాప్స్ పువ్వు వాడుక పూర్తిగా స్థిరపడకముందు ఎవరి చుట్టుపక్కల దొరికే మొక్కలు వాళ్ళు వేసుకున్నారు. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేం వెయ్యకూడదని శాసించారు. బెల్జియంవాళ్ళకి ఆ పట్టింపు లేదు. వాళ్ళ తెల్ల బీరులో ఇప్పటికీ నారింజ తొక్కా ధనియాలూ పడతాయి. ధనియాల బీరు అనగానే నవ్వొస్తుందిగానీ, తాగితే ఆ నవ్వు పోతుంది.

ఇంగ్లండులో చలికాలపు అలవాటు ఇంకోలా ఉండేది. ఏల్‌ని కాచేటప్పుడు కాదు, తాగేముందు దినుసులు కలిపేవారు. ఏల్ వేడిచేసి, చక్కెరా అల్లమూ వేసి, పైన జాజికాయ తురిమి, అందులో నిప్పుల మీద కాల్చిన చిన్న పుల్ల ఆపిల్ పళ్ళు వేస్తారు. వేడికి పండు పగిలి తెల్లటి గుజ్జు పైకి తేలుతుంది. దాన్ని చూసి ఆ పానీయానికి 'గొర్రెపిల్ల ఉన్ని' అని పేరు పెట్టుకున్నారు. ఒక పెద్ద చెక్కగిన్నెలో పోసి చుట్టూ తిప్పి తాగుతూ, 'వాసేల్' అని ఒకరికొకరు చెప్పుకునేవారు. 'ఆరోగ్యంగా ఉండు' అని దాని అర్థం. మనం 'చల్లగా ఉండు' అని దీవిస్తాం. మంచులో బతికేవాళ్ళు ఆ దీవెనని వేడి గిన్నెలో పోసి ఇచ్చారు. షేక్‌స్పియర్ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లోని అల్లరి పిల్ల దెయ్యం పక్, కాల్చిన ఆపిల్ వేషంలో దాక్కునేది ఇలాంటి గిన్నెలోనే. కవి రాబర్ట్ హెరిక్ ఈ పానీయం దినుసులన్నీ వరసగా ఒక పద్యంలో పెట్టాడు. అందులో జాజికాయ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, పద్నాలుగో శతాబ్దంలోనే ఛాసర్ తన కాంటర్‌బరీ కథల్లో ఏల్‌లో వేసే జాజికాయ ప్రస్తావన తెచ్చాడు. ఇంగ్లండులో జాజికాయ పండదు, యూరప్‌లోనే పండదు. వాస్కో డ గామా ఇంకా పుట్టని రోజులవి. పెరట్లో మొలిచే ఆకులు వదిలేసి, సగం భూగోళం దాటి వచ్చిన కాయని బీరు మీద తురుముకోవడంలో రుచి ఒక్కటే లేదు, డాబు కూడా ఉంది. తరవాతి శతాబ్దాల్లో కలిగినవాళ్ళు జేబులో వెండి తురుముడుబిళ్ళ పెట్టుకుని తిరిగేవారు, కాయ దాని లోపలే. మన తాతల పొడుండబ్బా లాగా.

ఈ కాయలు లండన్ చేరిన తీరు కళ్ళకి కట్టేది శామ్యూల్ పీప్స్ డైరీలో. ఆయన నౌకాదళ కార్యాలయంలో అధికారి. 1665, లండన్‌ని ప్లేగు ఊడ్చేస్తున్న ఏడు. డచ్చివాళ్ళతో యుద్ధం. ఆ సెప్టెంబరులో ఇంగ్లీషు నావికులు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు రెంటిని పట్టుకున్నారు. ఆ సరుకు బొక్కసానికి చేరకముందే చిల్లర దొంగతనం మొదలైంది. సెప్టెంబరు 24న పీప్స్ ఊరి చివర ఒక మారుమూల బీరు దుకాణానికి వెళ్ళి, మాసిన బట్టల్లో ఉన్న ఇద్దరు ఓడ పనివాళ్ళ దగ్గర 37 పౌన్ల లవంగాలు, 10 పౌన్ల జాజికాయలు కొన్నాడు. జాజికాయ పౌను 4 షిల్లింగులు. నవంబరు 16న ఆ ఓడల్లోకే దిగి చూశాడు. చెక్కల సందుల్లో మిరియాలు, కాలు పెట్టిన చోటల్లా మిరియాలు. గదులకి గదులే లవంగాలూ జాజికాయలూ నిండి ఉంటే, వాటి మీద మోకాలు దాటే లోతున నడిచానని రాసుకున్నాడు. మరుసటి ఏడు నవంబరు 9న, స్నేహితులతో రాత్రి రెండింటిదాకా పేకాడుతూ 'గొర్రెపిల్ల ఉన్ని' తాగాడు. ఆ గిన్నెలో తురిమింది ఆ దొంగ జాజికాయే అని నేననను. అయినా ఈ మూడు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పట్నించీ నాకు ఆ పానీయం వేరేగా కనిపిస్తోంది.

*

ఆ ఓడలకి జాజికాయ ఎక్కడిది? కేరళది కాదు. ఇప్పటి ఇండొనేషియా తూర్పున బండా దీవులని నేలపటంలో ఆవగింజలంత ఉంటాయి. అందులో ఒకటైన రన్ దీవి పొడవు మూడు కిలోమీటర్లు. పద్ధెనిమిదో శతాబ్దం దాకా ప్రపంచం కొనుక్కున్న జాజికాయంతా ఆ దీవులదే. చిన్న జామకాయంత పసుపుపచ్చ పండు, పగిలితే లోపల నల్లటి పెంకు, పెంకుని వలలా చుట్టుకున్న ఎర్రటి పొర. ఆ పొర ఎండితే జాపత్రి, పెంకులోది జాజికాయ. రెండూ ఒకే పండువని నాకు యాభై దాటాక తెలిసింది. పలావు వండే ప్రతివాళ్ళకీ తెలుసేమో, నాకైతే తెలీదు.

బండా వాళ్ళ దగ్గర జాజికాయ తప్ప పెద్దగా ఏమీ లేదు. బియ్యం బయటనుంచి రావాలి, బట్ట బయటనుంచి రావాలి. 1599లో మొదటిసారి అక్కడికి చేరిన డచ్చివాళ్ళకీ, వెనకే వచ్చిన ఇంగ్లీషువాళ్ళకీ ఒక చిక్కు వచ్చి పడింది. వాళ్ళ దేశాల్లో తయారయ్యేది దళసరి ఉన్ని. భూమధ్యరేఖ పక్కన ఉన్ని ఎవడికి కావాలి? వెండి ఇస్తే పుచ్చుకుంటారుగానీ ఆ దీవుల్లో మనుషులు అడిగేది బట్ట. అదీ ఏదో ఒక బట్ట కాదు. మలయా, జావా వర్తకుల ద్వారా ఎన్నో తరాలుగా అలవాటైన బట్ట: ఉతికినకొద్దీ మెరిసే ఎరుపు, ముదురు నీలం, అచ్చులతోనూ కలంతోనూ వేసిన పువ్వులు. అది వచ్చేది గుజరాత్ నుంచి, కోరమండల్ తీరం నుంచి. కోరమండల్ తీరం పైభాగమంటే గోల్కొండ సుల్తానుల తెలుగు రేవులు.

ఆ మాట చదివిన చోట నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

డచ్చివాళ్ళు 1605లో బందరు వచ్చారు. తరవాత పేటపూలి, అంటే నిజాంపట్నం. ఆపైన పాలకొల్లు. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో అదే పేటపూలికీ బందరుకీ వచ్చింది. మనం బడిలో చదువుకున్నది 'ఐరోపావారు వర్తకం కోసం వచ్చారు' అని. ఏ వర్తకం అంటే జవాబు ఉండేది కాదు. వాళ్ళలో చాలామంది లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో కట్టుకోవడానికి బట్ట కొనడం లేదు. జాజికాయ, జాపత్రి, లవంగం కొనడానికి కావలసిన డబ్బుగా బట్ట కొంటున్నారు. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి తన పైవాళ్ళకి రాస్తూ, కోరమండల్ తీరం ఆ సుగంధద్రవ్యాల దీవులకి ఎడమ చెయ్యి అన్నాడు. ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టేనని అతని భావం.

ఈ వ్యాపారం చక్రం ఇలా తిరిగేది. యూరప్‌నుంచీ జపానునుంచీ వెండీ బంగారం బందరుకి వస్తాయి. కంపెనీ ఆ డబ్బు దళారుల చేతిలో పెడుతుంది, దళారి చుట్టుపక్కల పల్లెల్లో సాలెవాళ్ళకి బయానా ఇస్తాడు. బయానా పుచ్చుకున్నాక మగ్గం అతనిదే, బట్ట మాత్రం కంపెనీది. ఏ దీవిలో ఏ అంచు, ఏ కొలత, ఏ పువ్వు చెల్లుతుందో ఓడలవాళ్ళు నమూనాలు పంపేవారు. ఎరుపు చిరివేరుతో వచ్చేది, పేటపూలి ప్రాంతపు చిరివేరుకి అప్పట్లో పెద్ద పేరు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ ఈ తీరపు చిత్రాల బట్టలని తెగ మెచ్చుకుంటూ రాశాడు. ఆ బట్ట నిడదవోలు సంతకి పోయినట్టు బటేవియాకి, అంబోయినాకి, బండాకి పోయింది. మరుసటి గాలులకి జాజికాయ వెనక్కి వచ్చింది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు మడపోలం అనే బట్టకి పేరుగా మారి ఇంగ్లీషు నిఘంటువులకెక్కిందిగానీ, అది తరవాతి కథ.

ఆ నాటి బట్టలు మన దగ్గర దాదాపు ఏమీ మిగల్లేదు. మన గాలీ చెదలూ మిగలనివ్వవు, పైగా మనం పాతబట్టలకి స్టీలు గిన్నెలు కొనుక్కునే జాతి. ఇండొనేషియాలో సులవేసి దీవి తొరాజా వాళ్ళ ఇళ్ళల్లో మిగిలాయి. కోరమండల్ నుంచీ గుజరాత్ నుంచీ వచ్చిన ఆ బట్టలని వాళ్ళు పవిత్రమైనవిగా పెట్టెల్లో దాచి, పండగలకీ కర్మలకీ మాత్రమే బయటికి తీశారు. మ్యూజియాల్లో ఇవాళ మనం చూసే వాటిలో చాలా భాగం అలా దాచినవే.

*

ఇంతదాకా వచ్చాక నాకు మళ్ళీ మొదటి ఆవేశం తిరిగొచ్చింది. జాజికాయ మనది కాకపోతేనేం, దాన్ని కొన్న బట్ట మనదే కదా అని మేనల్లుడికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఆపింది 1621.

బండా పెద్దలు డచ్చివాళ్ళకి మాత్రమే అమ్ముతామని ఒప్పుకున్నట్టు కాగితాలున్నాయి. వాళ్ళు మాత్రం ఎప్పటిలాగే జావావాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ కూడా అమ్ముతూ వచ్చారు. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ పెద్ద ఓడలదండుతో అక్కడ దిగాడు. జపాను కిరాయి సైనికుల కత్తులతో 44 మంది పెద్దలని నరికించాడు. ఊళ్ళు తగలబెట్టారు. కొండల్లోకి పారిపోయినవాళ్ళు ఆకలితో చచ్చిపోయారు, పట్టుబడినవాళ్ళని బానిసలుగా బటేవియాకి పంపారు. అంతకుముందు ఆ దీవుల జనం సుమారు 15 వేలని అంచనా. అక్కడ మిగిలింది వెయ్యి దాకా. పడవలెక్కి తప్పించుకున్న కొందరు దూరంగా కేయ్ దీవులు చేరారు. బండా భాష ఇవాళ వినిపించేది ఆ కేయ్ దీవుల్లోనే, బండాలో కాదు.

ఖాళీ అయిన తోటలని కంపెనీ 68 ముక్కలు చేసి తన పాత ఉద్యోగులకి ఇచ్చింది. పనికి బానిసలని తెచ్చింది. ఎక్కడెక్కడినుంచి తెచ్చిందో ఆ జాబితా చదువుతుంటే జావా, బోర్నియో, మలబారు పేర్లతోపాటు కోరమండల్ కూడా తగిలింది. మన తీరంనుంచి బట్ట ఒక్కటే పోలేదన్నమాట. కరువొచ్చిన ఏళ్ళలో పిల్లల్ని అమ్ముకున్న కుటుంబాలున్న తీరం ఇది. వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరో, వాళ్ళు ఆ చెట్లకింద ఏం పేర్లతో పిలుచుకున్నారో ఏ ఖాతాపుస్తకమూ రాయదు. ఈ మారణకాండ గురించే అమితావ్ ఘోష్ 2021లో ది నట్‌మెగ్స్ కర్స్ అని ఒక పుస్తకమే రాశాడు.

ఆ తరవాతిది అందరికీ నచ్చే కథ. 1667లో బ్రెడా సంధిలో రన్ దీవిని డచ్చివాళ్ళకి ఇచ్చి ఇంగ్లీషువాళ్ళు మన్‌హాటన్ తీసుకున్నారంటారు. నిజానికి అది సంతలో ఎద్దుల మార్పిడి లాంటిది కాదు. యుద్ధం ముగిసేనాటికి ఎవరి చేతిలో ఏముందో అది వాళ్ళు ఉంచుకున్నారు, అంతే. పీప్స్ మోకాళ్ళదాకా దిగబడ్డ జాజికాయలు ఆ యుద్ధంలోవే, ఆ 68 తోటలవే.

'మన' అనే మాటతో ఇంకా ఒక లెక్క తేలాలి. సంస్కృత వైద్య గ్రంథాల్లో జాతీఫలం ఉంది. తాంబూలంలో జాజికాయ, జాపత్రి, లవంగం, పచ్చకర్పూరం ఉన్నాయి. ఇవేవీ డచ్చివాళ్ళు నేర్పినవి కాదు, నిజమే. అయినా మనకీ అవి సముద్రం మీదే వచ్చాయి. శ్రీనాథుడి హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య సెట్టి సుగంధద్రవ్యాల వర్తకుడు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకి పరిమళాలు అందించినవాడు. ఆ కావ్యం పీఠికలో శ్రీనాథుడు ఏ సరుకు ఏ దూరదేశపు రేవునుంచి దిగేదో వరసగా చెప్తాడు. కవి దానికి గర్వపడ్డాడే తప్ప, అవన్నీ మన పెరట్లో కాస్తాయనలేదు. నేనే ఆ మాట అన్నాను. మా అమ్మమ్మ సాన మీద అరిగిన కాయ వంశం కూడా బండాదే. ఛాసర్ గిన్నెకి వెళ్ళిన కాయ, కొండవీడు తాంబూలానికి వచ్చిన కాయ ఒకే తోటలో రాలి ఉంటాయి.

పోనీ బట్ట మనదా? మా ఇంట్లో ఎవరూ నేసినవాళ్ళు లేరు. పెడన వెళ్ళి బట్ట కొనుక్కుని, బేరమాడి, రేటెక్కువ చెప్పాడని బస్సులో తిట్టుకుంటూ వచ్చిన కుటుంబం మాది. బయానా పుచ్చుకుని గుంటమగ్గంలో కాళ్ళుపెట్టి కూర్చున్నవాళ్ళకి తమ బట్ట ఏ దీవికి పోతోందో, అక్కడ ఏం జరిగిందో తెలిసే దారి లేదు. తెలిసినవాళ్ళు దళారులూ, ఓడలవాళ్ళూ, పన్ను వసూలు చేసుకున్న హవల్దార్లూ. వాళ్ళల్లో మనవాళ్ళు చాలామందే. బందరులో డచ్చివాళ్ళ సమాధుల తోట ఉంది. నల్లరాళ్ళ మీద వంశచిహ్నాలు, వంకర అక్షరాలు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా దాని పక్కనుంచి సైకిలు మీద పోయేవాళ్ళం. తెల్లోళ్ళ సమాధులనేవాళ్ళం. వాళ్ళు ఇంత దూరం వచ్చి ఇక్కడెందుకు చచ్చిపోయారని ఒక్కసారీ అడగలేదు.

*

జనవరిలో మేనల్లుడు తనే ఒక చలికాలపు బీరు కాస్తానంటే నేనూ ఓక్‌లండ్ వెళ్ళాను. ఇరవై లీటర్ల గిన్నె, ముదురుగా వేయించిన మాల్ట్, ఇల్లంతా ఊదరగంజి వాసన. మరగడం పూర్తి కావచ్చే చివరి పది నిమిషాల్లో దినుసులు వెయ్యాలి. ముందే వేస్తే వాసన ఆవిరితో పోతుంది. దాల్చినచెక్క ఒకటి, నారింజ తొక్క, చిన్న అల్లం ముక్క. జాజికాయ తురమమని నా చేతికిచ్చాడు. నేను రెండు కాయలు తీశాను.

"మామయ్యా, అర టీస్పూను. ఎక్కువైతే సబ్బు తాగినట్టుంటుంది."

ఇండియన్ కొట్లో కొన్న ప్యాకెట్టు తిప్పి చూశాను. 'ప్రాడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉంది. చూశావా అన్నట్టు వాడివైపు చూశాను. ఇదొక్కటి మాత్రం నేను ముందే చదివి పెట్టుకున్నాను. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లీషువాళ్ళు బండాని రెండుసార్లు ఆక్రమించుకుని, వెళ్తూ వెళ్తూ మొక్కలు పెకలించి పెనాంగుకీ సిలోనుకీ పట్టుకుపోయారు. పందొమ్మిదో శతాబ్దంలో గ్రెనడా చేరిన జాజికాయ ఇవాళ ఆ దేశపు జెండా మీద ఉంది. కేరళలోనూ ఇప్పుడు బోలెడు తోటలు. ఆ రాత్రి నేను అన్నది ఇవాళ్టికి ఒప్పే, నాలుగువందల ఏళ్ళ కిందటికి తప్పు. వాడు విని, "ఓకే, సగం మార్కులు," అన్నాడు.

మార్చి మొదటి వారానికిగానీ సీసాలు తయారవలేదు. అప్పటికి చలికాలం అయిపోయింది, బే ఏరియాలో ఉండే ఆ కాస్త చలీ. మొదటి సీసా తీశాడు. నురగ బానే నిలిచింది. కొంచెం చేదు ముందుకొచ్చింది, దాల్చినచెక్క ఎక్కువైంది, జాజికాయ వెతుక్కుంటేగానీ దొరకలేదు. ఇంకో రెండు నెలలు ఆగితే సర్దుకుంటుందన్నాడు. లేబుళ్ళు అచ్చు వేసుకుందామని ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని, "యాంకర్ వాళ్ళు ఏడాదికో చెట్టు వేసేవాళ్ళు కదా. మనం ఏ చెట్టు వేద్దాం? జాజికాయదా?" అన్నాడు.

"పత్తిది వెయ్యి."

"అది చెట్టు కాదు మామయ్యా, మొక్క."

"అయినా వెయ్యరా," అన్నాను, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని.